మగ్గాల వెనుక బతుకులు

ప్రశ్న: ధర్మవరంలో నేతపని చేసిన మా ముత్తాతల కాలం ఎలా ఉండేదో ఆన్‌లైన్‌లో తెలుస్తుందా?

జవాబు: తెలుస్తుందమ్మా. శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది 2022లోనే కాబట్టి, పాత రికార్డుల్లో ధర్మవరం, పెనుకొండ, హిందూపురాలను అనంతపురం జిల్లా కింద వెతకాలి. డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన 1905 నాటి అనంతపురం జిల్లా గెజిటీర్ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదవొచ్చు. కరువులు, పంటలు, వృత్తుల వివరాలున్నా, అది దొరతనం చూపు. మనవాళ్ల గొంతు వినాలంటే 1926లో పప్పూరు రామాచార్యులు అనంతపురంలో మొదలుపెట్టిన శ్రీసాధన పత్రిక పాత సంచికలు వెతకండి. పెద్ద వార్తలకన్నా చిన్న ప్రకటనలు, ఊళ్ల కబుర్లు నెమ్మదిగా చదవండి. సామాన్యుల బతుకు నాకు ఎక్కువగా కనిపించేది అక్కడే. స్కాన్ ప్రతుల్లో తెలుగు మాటలు టైపు చేసి వెతికితే చాలాసార్లు దొరకవు, పేజీలు తిప్పాల్సిందే. మీ ఇంట్లో పాత చీటీలు, ఫొటోలు ఉంటే ముందు వాటిని స్కాన్ చేయించండి.