ప్రజాభిప్రాయ సేకరణలో ఊరంతా వద్దంటే పరిశ్రమ ఆగుతుందా?

ప్రశ్న: మా మండలంలో సిమెంటు ఫ్యాక్టరీకి ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. అందరం వ్యతిరేకిస్తే అనుమతి రాదా?

జవాబు: ప్రజాభిప్రాయ సేకరణ ఓటింగు కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఈ సభను ఏర్పాటు చేస్తుంది. జిల్లా కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని ప్రతినిధి గానీ అధ్యక్షత వహిస్తారు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. కోరం నిబంధన లేదు కనుక సభను బహిష్కరించినంత మాత్రాన అది ఆగదు. పైగా బహిష్కరిస్తే ఊరి అభ్యంతరాలు రికార్డుకే ఎక్కవు.

అసలు బలం ఆ రికార్డులోనే ఉంది. పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. దాన్ని ముందే చదివి, ఫలానా చెరువు, ఫలానా బోర్లు నివేదికలో ఎందుకు లేవని నిలదీసే ప్రశ్న వంద నినాదాల కన్నా బరువైనది. అభ్యంతరాలను రాతపూర్వకంగానూ ఇవ్వవచ్చు. సభ చివర మినిట్స్‌ను తెలుగులో చదివి వినిపించాలి. చాలామంది అప్పటికే ఇళ్లకు వెళ్లిపోతారు, అక్కడే నష్టం జరుగుతుంది. కార్యక్రమమంతా వీడియో తీయడం తప్పనిసరి.

లేవనెత్తిన అంశాలకు కంపెనీ తుది నివేదికలో సమాధానం చెప్పాలి. నిపుణుల కమిటీ పరిశీలించాక, ప్రాజెక్టు స్థాయిని బట్టి కేంద్ర పర్యావరణ శాఖ లేదా రాష్ట్ర స్థాయి మదింపు సంస్థ నిర్ణయం తీసుకుంటుంది. అనుమతి ఇస్తే 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు గడువు ఇస్తారు.