డార్జిలింగ్ చిన్న రైలు: కాపాడాల్సింది ఏమిటి?

పశ్చిమ బెంగాల్‌లో 1881లో పూర్తయిన డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే గేజ్ (పట్టాల మధ్య దూరం) 610 మిల్లీమీటర్లే. 1999లో ఇది యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది, 2005లో నీలగిరి (మీటర్ గేజ్), 2008లో కాల్కా–సిమ్లా (762 మి.మీ.) రైల్వేలు తోడయ్యాయి. డార్జిలింగ్ రైలు అసలు వారసత్వం కొండెక్కే పద్ధతే. జడ్ ఆకారపు రివర్స్‌లలో ముందుకూ వెనక్కూ నడిచి రైలు 2,258 మీటర్ల ఎత్తున్న ఘుమ్ చేరుతుంది. చక్రాలు జారకుండా ఆవిరి ఇంజిన్ ముందు కూర్చున్న సిబ్బంది పట్టాలపై ఇసుక చల్లుతారు.

డీజిల్ ఇంజిన్లు వచ్చి, పాతవాటి భాగాలు మారాక ప్రామాణికత ఎక్కడిదని కొందరి అభ్యంతరం. కానీ నడిచే రైలుకు అరిగిన భాగాలు మార్చక తప్పదు. ఆ మార్పు పాత కొలతలకూ పనితీరుకూ కట్టుబడి, రికార్డుల్లోకి ఎక్కితే చరిత్ర చెడదు. ఆవిరి ఇంజిన్లను పూర్తిగా షెడ్డుకు పరిమితం చేస్తే మాత్రం వాటిని నడిపే నైపుణ్యమే అంతరిస్తుంది. అదే తీరని నష్టం.