పాట చిత్రీకరణకు వచ్చు విద్యార్థులు – పంచాయతీ ముందుచూపు

కళాశాల విద్యార్థులు తాము కట్టిన పాటను చిత్రముగా తీయుటకై చెరువుకట్టలను, పాడుబడిన కోటలను, వరిచేలను వెదకుకొనుచు పల్లెలకు వచ్చుట నేడు సామాన్యమైనది. పది పదిహేనుమంది పిల్లలు, ఒక కెమెరా, ఒక పెద్ద స్పీకరు – ఇంతే వారి బలగము. సర్పంచి నడిగి సరే అనిపించుకొందురు. మరునాడే పని మొదలగును. ఆ మాట ఇచ్చుటకు ముందు పంచాయతీ సభ్యులు విచారింపవలసిన సంగతులు కొన్ని కలవు.

పాట చిత్రీకరణలో ఒక ప్రత్యేకత యున్నది. పాడువారి పెదవులు పాటతో కలియుటకై స్పీకరులో పాటను బిగ్గరగా మ్రోగింతురు. నర్తించువారి చూపు కెమెరా మీద, కెమెరా పట్టినవాని చూపు నర్తించువారి మీద ఉండును. వెనుకనుండి వచ్చు ట్రాక్టరు చప్పుడుగాని, ఉరుముగాని, గట్టుమీది రైతు కేకగాని ఎవరికిని వినబడదు. తక్కిన అపాయములన్నియు ఇందువలన రెట్టింపగును. కావున పాటతోను కెమెరాతోను పనిలేని ఒకరిని, చుట్టుప్రక్కల కనిపెట్టుటకే నిలుపుడని బృందమును కోరవలెను. అతడు చేయెత్తినచో పాట ఆగవలెను. దర్శకుడైనను ఎదురు చెప్పరాదు.

నీటి విషయమున మరింత జాగరూకత అవసరము. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్ మండీ జిల్లాలో, బియాస్ నదిలో ఛాయాచిత్రములు తీసికొనుచున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులపైకి, ఎగువనున్న లార్జీ ఆనకట్టనుండి వదలిన నీరు ఒక్కుమ్మడిగా వచ్చిపడినది. 24 మంది విద్యార్థులు ప్రాణములు కోల్పోయిరి. మన ఊళ్లలోను కాలువకు నీరెప్పుడు వచ్చునో లస్కరుకు, తూము దగ్గర సుడి ఎచట లాగునో నీరటికి తెలియునుగాని పట్టణపు పిల్లలకు తెలియదు. వారిని అడిగిన పిదపనే నీటి అంచున పని సాగవలెను. ఒడ్డున పొడవైన మోకు ఒకటి సిద్ధముగా ఉండవలెను. పాత క్వారీ గుంతలు మరియు మోసకరమైనవి. నీరు తేటగా, చిత్రమునకు అందముగా తోచును. ఒడ్డునుండి ఒక్క అడుగు వేసినచో కాలికి నేల అందదు. అట్టిచోట దిగుటకు అనుమతి నిరాకరించుటయే మేలని మా అభిప్రాయము.

చిత్రీకరణకు ముందురోజున, అదే వేళకు, బృందనాయకునితోపాటు వార్డు సభ్యుడొకరు, లైన్‌మన్, చేను యజమాని కలిసి ఆ స్థలమంతయు నడచి చూడవలెను. చేలమీదుగా పోవు 11 కె.వి. తీగల క్రింద అల్యూమినియం నిచ్చెనగాని, పొడుగు కెమెరా కర్రగాని ఎత్తరాదు. తీగను తాకకున్నను, మిక్కిలి సమీపించినంతనే విద్యుత్తు దూకగలదు. అడవిపందులకై రాత్రివేళ ఎవరైన తీగ కట్టిరా యని మొగమాటము లేక అడుగవలెను. రైలుపట్టాపై పంచాయతీ తీర్మానము చెల్లదు. అనుమతి లేక పట్టా ఎక్కుట 1989 నాటి రైల్వే చట్టము ప్రకారము నేరము. అచట చిత్రీకరణకు రైల్వేవారినే ఆశ్రయింపవలెను.

ఉరుము వినబడినచో సామాను వదలి పక్కా ఇంటిలోనికి చేరవలెను, చెట్టు క్రిందికి కాదు. చివరి ఉరుము తరువాత 30 నిమిషములు గడచువరకు మరల బయటికి రారాదు. పాము కరచినచో గాయమును కోయుట, త్రాడు బిగించుట హానికరము. కరచిన అవయవమును కదల్పక వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో సిద్ధముగా నున్నదో ముందుగానే విచారించుట ఆశా కార్యకర్తకు అప్పగింపవచ్చును.

ఇదంతయు ఒక కాగితముమీద వ్రాయించి, ఒక ప్రతి పంచాయతీ కార్యాలయమున ఉంచవలెను. వచ్చినవారి పేర్లు, ఇంటివారి ఫోను నంబర్లు, 108, 112, సిద్ధముగా నుండు బండి ఎవరిది, ఫోను సిగ్నలు ఏ గట్టుమీద అందును – ఇవి అందులో ఉండవలెను. "చదువుకొను పిల్లలు, వారికి మనము చెప్పునదేమి?" అని కొందరు సభ్యులు వెనుదీయుదురు. చదువు వారిదే, ఊరు మాత్రము మనది. నాయకుడు ఆ కాగితముపై సంతకము చేయుటకు విసుగుకొనినచో మరియొక తేదీకి రమ్మనుడు.

సాయంకాలము వెలుగుండగనే పని ముగింపజేసి, తలలు లెక్కించి, జనరేటరు తీగలు తీయించి, పశువులు మేయుచోట తీగముక్కలు, గాజుపెంకులు మిగులలేదని చూచుకొని, చేను యజమానితో చెప్పించి సాగనంపవలెను.