చదువు కోసం అప్పు: లెక్క వేసి అడుగు వేద్దాం

పద్మనాభంలోని ఒక సామాన్య ముస్లిం కుటుంబాన్ని ఊహించుకుందాం. అమ్మాయి ఇంటర్ పూర్తి చేసింది. ‘సైకాలజీ చదువుతాను, మనసు చెదిరిన వారికి సాయపడతాను’ అంటోంది. తండ్రి చేతిలో డబ్బు లేదు. బ్యాంకు అప్పు తీసుకోవాలా, వద్దా? ఇలాంటి ప్రశ్న ఈనాడు మన ఇళ్లలో చాలామందికి ఎదురవుతోంది.

ముందుగా ఒక మాట. ఇది మనకు పరాయి విద్య కాదు. అబూ జైద్ అల్ బల్ఖీ (మరణం క్రీ.శ. 934) శరీరారోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యం గురించి కూడా గ్రంథం రాశారు. దిగులు, భయం, కోపం వంటి వాటికి చికిత్స ఉందని వివరించారు. మతి చెదిరిన మనిషిని తాయెత్తుల చుట్టూ తిప్పే మన సమాజానికి ఈ విద్య తెలిసినవారు ఎంతో అవసరం. కనుక అమ్మాయి కోరిక మంచిదే. ఆలోచించవలసింది దాన్ని నెరవేర్చే మార్గం గురించే.

డిగ్రీతోనే సంపాదన మొదలవుతుందా?

చాలామంది పొరబడేది ఇక్కడే. సైకాలజీ డిగ్రీ చేతికి రాగానే ఎవరూ క్లినికల్ సైకాలజిస్టు కాలేరు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆ పేరుతో పనిచేయాలంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదించిన సంస్థలో క్లినికల్ శిక్షణ పొంది ఉండాలి. అంటే డిగ్రీకి మూడు, నాలుగేళ్లు, పీజీ, ఆపైన శిక్షణ. ఇంత ప్రయాణం తర్వాతే అసలు వృత్తి ప్రారంభమవుతుంది. ఈ కోర్సుల పేర్లు, నిబంధనలు కొన్నేళ్లుగా మారుతున్నాయి. కాబట్టి చేరే ముందే సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూసుకోవాలి. దూరవిద్యలో చవకగా చదివేద్దామనే ఆలోచన కూడా ఇక కుదరదు. 2025 జూలై-ఆగస్టు విద్యాసంవత్సరం నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో బోధించరాదని యూజీసీ ఆదేశించింది.

అప్పు ఎలా పెరుగుతుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. మూడేళ్ల డిగ్రీకి ఏటా లక్ష చొప్పున 3 లక్షల రూపాయలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకుందాం. చదువుకునే కాలంలోనూ, ఆ తర్వాతి ఏడాదిలోనూ వాయిదాలు కట్టనక్కరలేదు. కాని వడ్డీ ఆగదు. నాలుగేళ్లు గడిచేసరికి సాధారణ వడ్డీయే 90 వేలు అవుతుంది. అప్పు 3 లక్షల 90 వేలకు చేరుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 5,150 రూపాయలు కట్టాలి. మొత్తం కట్టేది 6 లక్షలు దాటుతుంది. మొదటి జీతం 15 వేలనుకుంటే, అందులో మూడో వంతుకు పైగా బ్యాంకుకే పోతుంది. పీజీలో చేరితే ఆ జీతం కూడా ఉండదు. పైగా రెండో అప్పు తోడవుతుంది.

ధర్మం ఏమంటోంది?

దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో వడ్డీని అల్లాహ్ తీవ్రంగా నిషేధించాడు. అదే సూరాలోని 282వ ఆయత్‌లో అప్పును వ్రాసుకోమని ఆదేశించాడు. దైవప్రవక్త (స) అప్పుల భారం నుంచి అల్లాహ్ శరణు వేడేవారు. అప్పులపాలైన మనిషి అబద్ధమాడతాడనీ, మాట తప్పుతాడనీ అందుకు కారణం చెప్పారు. కనుక వడ్డీ లేని దారులన్నీ వెతకక ముందే ‘గత్యంతరం లేదు’ అనడం తగదు.

ఆ దారులు ఏమిటి?

1. ప్రభుత్వ విద్యాసంస్థలకు ప్రాధాన్యమివ్వండి. 1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది. పద్మనాభం విశాఖకూ, విజయనగరానికీ మధ్యనున్న ఊరు. ఇంటి నుంచి వెళ్లి రాగలిగితే హాస్టలు ఖర్చు మిగులుతుంది.

2. బీసీ-ఇ జాబితాలోని వర్గాలకు 2007 నాటి చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషను ఉంది. సర్టిఫికెట్లు ముందే తీసుకుని, ఉపకార వేతనానికి, ఫీజు రీయింబర్స్‌మెంటుకు అర్హత ఉందేమో విచారించండి.

3. బంధువుల వద్ద ఖర్జె హసన్ అడగండి. సాక్షుల సమక్షంలో గడువు వ్రాసుకోండి. అవసరం లేని నగలుంటే అమ్మడం వడ్డీ కంటే మేలు.

4. డిగ్రీ తర్వాత ఏడాదో, రెండేళ్లో ఉద్యోగం చేసి, కూడబెట్టి పీజీకి వెళ్లడం వెనుకబాటు కాదు.

5. స్థోమత గలవారు గుర్తుంచుకోవాలి: అప్పుల్లో కూరుకుపోయినవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో ఒకరు (తౌబా సూరా, 60వ ఆయత్).

ఈ దారులన్నీ మూసుకుపోతే, విశ్వసనీయులైన ఉలమాలను సంప్రదించి, ఇస్తిఖారా నమాజు చేసి నిర్ణయించుకోవాలి. పెళ్లి విందుకు లక్షలు అప్పు చేయడానికి వెనుకాడని మనం, అమ్మాయి చదువు దగ్గరికి వచ్చేసరికి మాత్రమే లెక్కలు తీయడం న్యాయం కాదు. ఆ విందు ఖర్చులో సగం ఆపినా, ఒక డిగ్రీకి సరిపోయే ఇళ్లు మన మధ్య ఎన్ని లేవు!

అల్లాహ్ మన సంతానానికి ప్రయోజనకరమైన విద్యను, ధర్మసమ్మతమైన సంపాదనను ప్రసాదించుగాక! ఆమీన్.