జొన్నమేతలో నాము విషం: పాడి సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు

లేత జొన్న మేసిన పశువు ఉన్నట్టుండి కూలిపోతే "నాము మేసింది" అంటారు మన పెద్దలు. పెడన, గూడూరు, బంటుమిల్లి ప్రాంతాల్లో పశువులకు వరిగడ్డి, పిల్లిపెసర ముఖ్యమైన మేత. కాలువలు కట్టేసిన తరువాత పచ్చిమేతకు కటకట ఏర్పడుతుంది గనుక, నీటి వసతి ఉన్నచోట కొందరు జొన్న చల్లుకుంటారు. "పోయినసారీ ఇదే విత్తనం, ఇదే చేను. అప్పుడు ఏమీ కానిది ఇప్పుడెందుకయింది?" అని సభ్యులు మమ్మల్ని అడుగుతుంటారు. జవాబు మొక్కలోనే ఉన్నది.

విషం తయారయ్యే విధము

జొన్న మొక్క పురుగుల బారినుండి తనను కాపాడుకోవడానికి ధుర్రిన్ అనే పదార్థాన్ని తయారుచేసుకుంటుంది. దీనిని 1902లో డన్‌స్టన్, హెన్రీ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మాంసకృత్తులలో ఉండే టైరోసిన్ దీనికి ముడిసరుకు. మూడు ఎంజైములు ఒకదాని తరువాత ఒకటి పనిచేసి దానిని ధుర్రిన్‌గా మారుస్తాయి.

ధుర్రిన్ ఒకచోట, దానిని విడగొట్టే ఎంజైము మరొకచోట ఉండటం వల్ల మొక్కకు హాని లేదు. పశువు నమిలినప్పుడు రెండూ కలిసి హైడ్రోసయానిక్ ఆమ్లం విడుదలవుతుంది. నెమరువేసే పశువుల పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు ఈ పనిని మరింత త్వరపరుస్తాయి. సయనైడు చేరితే రక్తంలో ప్రాణవాయువు ఉన్నా శరీరకణాలు వాడుకోలేవు.

జన్యువుల పాత్ర

ఆ మూడు ఎంజైములకు మూడు జన్యువులున్నాయి. ఇవి జొన్న ఒకటవ క్రోమోజోముపై దగ్గర దగ్గరగా ఉండి, తల్లి మొక్కనుండి విత్తనానికి కలిసి సంక్రమిస్తాయి. మొదటి జన్యువులో ఒక్క మార్పుతో ధుర్రిన్ తయారుకాని జొన్న మొక్కను ఆస్ట్రేలియా, డెన్మార్కు శాస్త్రజ్ఞులు 2012లో ప్రకటించారు. కనుక విషం తక్కువగా ఉండే రకాలను ఎంపికచేయడం సాధ్యమే. మేత రకమైన ఎస్.ఎస్.జి. 59-3 అటువంటిది.

అయితే రకం మంచిదైనంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు. విషం తయారుచేసే శక్తిని జన్యువులు ఇస్తాయి. ఎంత తయారుకావాలో వయసు, నీరు, ఎరువు నిర్ణయిస్తాయి. మొలక దశలో జన్యువులు చురుకుగా పనిచేసి, మొక్క ముదిరేకొద్దీ తగ్గుతాయి. నీటి ఎద్దడి తగిలినా, యూరియా ఎక్కువైనా విషం మళ్ళీ పెరుగుతుంది. కోసిన మోడుకు వచ్చే పిలకలు కూడా లేతవే. అదే విత్తనం ఒకసారి మేతగా, మరొకసారి విషంగా మారడానికి కారణమిదే. పచ్చిమేత కిలోలో ఈ ఆమ్లం 200 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం.

పాటించవలసిన జాగ్రత్తలు

1. ఒకే కోత జొన్నను సగం చేను పూతకు వచ్చిన తరువాతనే కోయాలి. మోకాలెత్తు పైరులోకి, పిలకలు వేసిన మోళ్ళలోకి పశువులను తోలరాదు.

2. వాడిన చేనుకు తడిపెట్టగానే వచ్చే లేత చిగుళ్ళు మరీ ప్రమాదకరం. పైరు తేరుకుని పూతకు వచ్చేవరకు ఆగాలి.

3. ఎద్దడిలో ఉన్న పైరుకు యూరియా వేయరాదు.

4. ఆకలిగొన్న పశువుకు ముందు వరిగడ్డి వేసి, తరువాత జొన్నను కొద్దికొద్దిగా కలిపి వేయాలి.

5. బాగా ఎండబెట్టిన చొప్పలో, పాతరమేతలో విషం తగ్గుతుంది. సగం వాడిన మేతను నమ్మరాదు.

ప్రమాద సూచనలు, చికిత్స

మేసిన కొద్దిసేపటికే రొప్పు, చొంగ కారడం, తూలడం, పడి కొట్టుకోవడం కనిపిస్తాయి. రక్తం బాగా ఎర్రగా ఉంటుంది. వెంటనే మేత తీసివేసి పశువైద్యుని పిలవాలి. సోడియం నైట్రైట్, హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ సూదిమందులు సకాలంలో ఇస్తే పశువు బ్రతుకుతుంది. మోతాదు వైద్యుడే నిర్ణయించాలి. అరగంట ఆలస్యమైనా పశువు దక్కకపోవచ్చు గనుక, సంఘ కార్యదర్శులు పశువైద్యుని ఫోను నెంబరును పాలకేంద్రం గోడమీద అందరికీ కనిపించేలా వ్రాయించాలి. సాయంత్రం పాలు పోయడానికి వచ్చే సభ్యులందరికీ ఈ జాగ్రత్తలు చదివి వినిపించాలని కోరుతున్నాము.