సాలిహుండము, రామతీర్థము: మతముల మార్పు

రోమక చక్రవర్తియైన కాన్‌స్టంటైన్ 313లో క్రైస్తవులకు స్వేచ్ఛ నొసంగెననియు, ఆ శతాబ్దము ముగియకముందే పాత దేవతల పూజ నిషేధింపబడెననియు విద్యార్థులు చదివియున్నారు. ఒక మతము పోయి మరియొకటి వచ్చుట రాజాజ్ఞతో ముగియు పనియని వారిలో పెక్కండ్రు తలంతురు. ఇట్టి మార్పునకు సాక్ష్యములు మన యింటిచెంతనే యున్నవి; వానిని పరిశీలింతము.

వంశధార దక్షిణపుటొడ్డున, కళింగపట్టణమునకు సమీపమున సాలిహుండము గుట్ట యున్నది. దానిని 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు వెలుగులోనికి దెచ్చిరి. వ్యావహారిక భాషకై పోరాడిన వారినిగూర్చి మేమిట్లు గ్రాంథికమున వ్రాయుట పంతులుగారు మెచ్చియుండరు. గుట్టపై ఇటుకల స్తూపములు, చైత్యములు, భిక్షువుల విహారము బయల్పడినవి. 5వ శతాబ్దాంతమునుండి కళింగము నేలిన గాంగరాజులు తమ శాసనములలో మహేంద్రగిరిమీది గోకర్ణస్వామిని, అనగా శివుని, కొనియాడిరి. 640 ప్రాంతమున కళింగమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు వ్రాసిన లెక్క చూడుడు: సంఘారామములు పది, భిక్షువులు సుమారు ఐదువందలు, దేవాలయములు నూరు, బౌద్ధేతరులలో జైనులే యధికులు.

రాజాదరము తప్పినంతనే బౌద్ధము మాసిపోయెనా? లేదు. సాలిహుండమున దొరకిన తార, మారీచి విగ్రహములు ఆ యాత్రికునికి తరువాతి కాలపువి. భిక్షువులు గుట్టను విడువలేదు. వారి యుపాసనయే మారినది. స్తూపమునకు మ్రొక్కినచోటనే దేవీమూర్తులు నిలిచెను. మార్పు వెలుపలినుండియే వచ్చుననువారు దీని నాలోచింపవలెను.

రోమునందును ఒక్క తీరున జరుగలేదు. 391 ప్రాంతమున అలెగ్జాండ్రియా నగరపు సెరాపిస్ ఆలయమును క్రైస్తవులే కూల్చిరి. ఇది దాచదగినది కాదు. 609లో రోము నగరమున పాంథియాన్ అను దేవతామందిరము చర్చిగా ప్రతిష్ఠింపబడెను. గోడలవే, గుమ్మటమదే.

విజయనగరమునకు చేరువనున్న రామతీర్థము ఈ రెండవ తీరునకు దగ్గర. అచ్చట గురుభక్తులకొండపై బౌద్ధ శిథిలములు, దుర్గకొండపై జైనవిగ్రహములు, క్రింద శ్రీరాముని యాలయము. తూర్పుచాళుక్య రాజగు విమలాదిత్యుని (1011-1018) కాలపు గుహాశాసన మొకటి త్రికాలయోగి సిద్ధాంతదేవుడను జైనముని భక్తితో రామకొండకు వందన మొనర్చెనని తెలుపుచున్నది. రాముని పేరుగల కొండకు జైనాచార్యుడు మ్రొక్కుట! ఏ మత మెచ్చట ముగిసినదో, ఏది యెచ్చట మొదలైనదో గీత గీయబూనువారికి ఈ శాసనము చిక్కు దెచ్చును.

రామతీర్థమునకు పోవు విద్యార్థులు ముందుగా గురుభక్తులకొండ యెక్కి, పిదప దుర్గకొండ గుహను జూచి, తుదకు ఆలయమునకు రావలెను. కాలక్రమము వారి కాళ్లకే తెలియును.