జీపు : పేరు, ప్రతిష్ఠ

పరభాషా పదాలు మన భాషలోనికి రెండు దారుల వస్తాయి. కొన్ని పండితుల వెంట, గ్రంథాల వెంట వస్తాయి. మరికొన్ని సరకుల వెంట, వాహనాల వెంట, కచేరీల వెంట వస్తాయి. రెండవ దారిన వచ్చిన మాటలకు నిఘంటువుల అనుమతితో పనిలేదు. జిల్లా, తాలూకా, దస్తావేజు, రసీదు, దుకాణం అనునవి ఉర్దూ మూలంగా వచ్చి తెలుగువారి నోట స్థిరపడినవి. రైలు, బస్సు, లారీ, జీపు అనునవి ఇంగ్లీషు మూలంగా వచ్చినవి. వీటిలో చివరి మాటను గూర్చి ఈ వ్యాసంలో పరిశీలింపదలచితిమి.

కారణం ఏమనగా, రైలు, బస్సు, లారీ అనునవి జాతివాచకాలు. ఏ కంపెనీ వారైనను తమ వాహనాన్ని బస్సు అని పిలుచుకొనవచ్చును. జీపు అట్టిది కాదు. అది ఒక అమెరికా కార్ల సంస్థకు చట్టరీత్యా దఖలుపడిన పేరు. అయినను ఆదోనిలో గాని, ఎమ్మిగనూరులో గాని, కౌతాళం, కోసిగి గ్రామాలలో గాని ఆ సంగతి పట్టించుకొని ఎవరును ఆ మాట వాడలేదు. గట్టి చక్రాలు, తెరచిన ప్రక్కలు, గుడ్డ కప్పు గల బండి ఏదైనను మనకు జీపే.

వ్యాకరణ విద్యార్థులు ఒక విశేషం గమనింపవలెను. ఇంగ్లీషు నుండి వచ్చిన హలంత పదానికి తెలుగు ఉకారాన్ని చేర్చుకొనును. హ్రస్వాచ్చు తరువాతి హల్లు ద్విత్వమగును: బస్సు, పెన్ను, కప్పు. దీర్ఘాచ్చు తరువాత ద్విత్వం రాదు: కారు, రైలు, జీపు. ఉర్దూ ఈ మాటను హలంతంగానే ఉంచి స్త్రీలింగంగా గ్రహించినది. కనుకనే ఉర్దూలో ‘జీప్ ఆయీ’ అంటారు. ఒకే బండి ఒకే వీధిలో రెండు వ్యాకరణాలకు లోబడి నడచినదన్నమాట.

పుట్టుక

1940వ సంవత్సరంలో ఐరోపాలో యుద్ధం సాగుచుండగా, అమెరికా సైన్యం వారు తేలికయై, నాలుగు చక్రాలకును శక్తి అందు చిన్న వాహనం కావలెనని 135 కంపెనీలకు వ్రాశారు. నమూనా బండిని 49 రోజులలో అప్పగింపవలెనని షరతు. ఆ షరతును చూచి పెద్ద కంపెనీలు వెనుకాడినవి. మొదట స్పందించినవి రెండే: అమెరికన్ బాంటమ్, విల్లీస్ ఓవర్లాండ్. బాంటమ్ అనునది పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ పట్టణంలో, దివాలా అంచున నిలిచిన చిన్న కార్ఖానా. వారు పిలిపించిన కార్ల్ ప్రాబ్‌స్ట్ అను ఇంజనీరు సుమారు రెండు దినాలలో నక్షాలు సిద్ధపరచినాడు. 1940 సెప్టెంబరు 23న, గడువు చివరి దినాన, నమూనా బండి సైనిక శిబిరం చేరినది.

బాంటమ్ వారి నక్షాలను సైన్యం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలకు చూపినది. విల్లీస్ వారి ఇంజను బలమైనది, అరువది అశ్వశక్తులది. 1941లో పెద్ద కాంట్రాక్టు విల్లీస్‌కు దక్కినది. ఆ కంపెనీ ఒక్కటే సరిపోనందున ఫోర్డ్ వారును అదే నమూనాలో బండ్లు చేశారు. యుద్ధం ముగియు నాటికి ఈ రెండు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా తయారుచేసినవి. దారి చూపిన బాంటమ్ వంతుకు వచ్చినవి సుమారు 2,700 మాత్రమే. తరువాత ఆ కార్ఖానాకు మిగిలినది బండ్ల వెనుక తగిలించు ట్రైలర్లు చేయు పని.

పేరు ఎట్లు వచ్చినది?

ఈ విషయమున ఏకాభిప్రాయం లేదు. ‘సాధారణ ప్రయోజనం’ అను అర్థమిచ్చు రెండు ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు ‘జీ’, ‘పీ’ కలిసి జీపు ఐనదని బహుళ ప్రచారం. కాని ఫోర్డ్ వారి లెక్కలలో ‘జీ’ అనగా ప్రభుత్వపు బండి; ‘పీ’ అనగా ముందు వెనుక ఇరుసుల నడుమ ఎనుబది అంగుళాల దూరం గలదని తెలుపు గుర్తు. మరొక వాదం ప్రకారం, 1936లో ‘పొపాయ్’ బొమ్మల కథలో ప్రవేశించిన జీప్ అను విచిత్ర జంతువు ఎక్కడికైనను పోగలదు గనుక సిపాయిలు ఈ బండికి ఆ పేరు పెట్టారు. 1941 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నగరంలో చట్టసభ భవనపు మెట్లపైకి ఈ బండిని ఎక్కించి చూపగా, పత్రికలో ఆ వార్తతో పాటు ఈ పేరును లోకానికి తెలిసినది.

పేరు సిపాయిలది; ఆలోచన బాంటమ్ వారిది; కాని ప్రకటనలలో ‘జీపును సృష్టించినది మేమే’ అని చాటుకొన్నవారు విల్లీస్ వారు. దీనిపై అమెరికా వాణిజ్య సంఘం విచారణ జరిపి, 1948లో ఆ ప్రచారం తగదని తీర్పు చెప్పినది. అయినను 1950లో జీప్ అను పేరు విల్లీస్ వారి ట్రేడుమార్కుగా నమోదైనది. సృష్టికర్తలమని చెప్పుకొనరాదన్న వారికే ఆ పేరుపై హక్కు దక్కుట ఈ కథలోని వింత.

ఆ పేరు ఆ తరువాత చేతులు మారుచునే వచ్చినది. 1953లో కైజర్, 1970లో అమెరికన్ మోటార్స్, 1987లో క్రైస్లర్, పిదప జర్మనీ వారి డైమ్లర్‌తో, ఇటలీ వారి ఫియట్‌తో క్రైస్లర్ పొత్తులు. 2021 నుండి స్టెల్లాంటిస్. యజమానులు మారినను పేరు మారలేదు. కార్ఖానాలకంటె, యంత్రాలకంటె పేరే విలువైన ఆస్తియని వాణిజ్య శాస్త్ర విద్యార్థులు దీనినిబట్టి గ్రహింపవచ్చును.

భారతదేశంలో

1945 అక్టోబరు 2న జగదీశ్ చంద్ర మహీంద్రా, కైలాస్ చంద్ర మహీంద్రా సోదరులు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి ‘మహీంద్రా అండ్ మహమ్మద్’ అను సంస్థను స్థాపించారు. గులాం మహమ్మద్ అంతకు ముందు హైదరాబాదులో నిజాం ప్రభుత్వపు ఆర్థిక శాఖను నిర్వహించినవారు. ఉక్కు వ్యాపారంతో మొదలైన ఆ సంస్థ, విల్లీస్ వారి అనుమతితో, 1940ల దశకపు చివరి సంవత్సరాలలో బొంబాయిలో జీపులను బిగించి అమ్మసాగినది. క్రమంగా ఇక్కడనే తయారీ చేపట్టినది.

1947లో దేశ విభజన జరిగినది. గులాం మహమ్మద్ పాకిస్తాన్ వెళ్లి ఆ దేశపు తొలి ఆర్థిక మంత్రియైనారు. 1951లో గవర్నర్ జనరల్ పదవిని అధిష్ఠించారు. 1948లో సంస్థ పేరు ‘మహీంద్రా అండ్ మహీంద్రా’గా మారినది. ఇంగ్లీషులో రెండు పేర్లకును తొలి అక్షరాలు ఒక్కటే. బోర్డుపై అక్షరాలు అవే నిలిచినవి. వెనుకనున్న మనిషి మారినాడు. ఒక హిందూ కుటుంబం, ఒక ముస్లిం మిత్రుడు కలిసి వేసిన పునాదిపై దేశమంతట తిరిగిన జీపు నిలచినదను సత్యాన్ని మన విద్యార్థులు తెలిసికొనవలెను. చరిత్ర భాగస్వాములను విడదీయగలదు గాని, వారు కలిసి చేసిన పనిని లేకుండ చేయలేదు.

అదే 1948లో ఈ వాహనపు పేరు అపఖ్యాతిలోను చిక్కుకొన్నది. లండనులో మన హైకమిషనరుగా నుండిన వి. కె. కృష్ణ మీనన్ కాలంలో సైన్యం కొరకు పాత జీపులకు ఒప్పందం జరిగినది. వచ్చిన 155 జీపులు వాడుకకు పనికిరానివని తేలినది. పార్లమెంటులో పెద్ద వాదప్రతివాదాలు జరిగి, 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారం ముగిసినదని ప్రకటించినది. స్వతంత్ర భారతదేశపు తొలి కుంభకోణంగా చాలమంది పేర్కొనునది ఇదే. తప్పు కొనుగోలుది, మచ్చ మాత్రం బండి పేరుపై పడినది.

మన ప్రాంతంలో

ఆదోని ప్రాంతం 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలో నుండి, ఆంధ్ర రాష్ట్రావతరణతో కర్నూలు జిల్లాలో చేరినది. ఆదోనికి బొంబాయి - మద్రాసు రైలుదారి కలదు. ఎమ్మిగనూరు ఆ దారికి దూరం. రెండు ఊళ్ల చుట్టును నల్లరేగడి నేలలు. ఎండకాలంలో పగుళ్లు బారి, వానకాలంలో జిగురై చక్రాన్ని పట్టుకొను నేల ఇది. అప్పటి సాధారణ కారులో ఇంజను శక్తి వెనుక చక్రాలకే అందును. అవి బురదలో ఉన్నచోటనే తిరుగుచుండగా బండి కదలదు. జీపులో మరొక మీట కలదు. దానిని వేసినంతనే శక్తిలో కొంత ముందు చక్రాలకును ప్రవహించి, వెనుకవి నెట్టుచుండగా ముందువి లాగును. ఎద్దులబండి తప్ప మరేదియు పోలేని దారులలో జీపు పోగలుగుటకు కారణమిదే.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం, 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు ఏర్పడగా ‘సమితి జీపు’ అను మాట పుట్టినది. ఆరోగ్య కేంద్రాలకు ఐక్యరాజ్య సమితి బాలల నిధి వారు వాహనాలు సమకూర్చారు. గ్రామంలో ‘జీపు వచ్చింది’ అనగా సర్కారు వచ్చినదనియే అర్థం. టీకాలు వచ్చినను జీపే. జప్తు వచ్చినను జీపే. పోలీసులు వచ్చినను జీపే. 1975-77 నాటి అత్యవసర పరిస్థితిలో దేశంలోని అనేక గ్రామాల ప్రజలు కుటుంబ నియంత్రణ జీపును చూచి పొలాలకు పారిపోయినారు. ఒకే బండి ఒక ఇంటికి ప్రాణదాత, మరొక ఇంటికి భయహేతువు. వాహనానికి స్వంతమైన మంచిచెడ్డలు లేవు. అందులో కూర్చుండి వచ్చినవారి నడవడియే దాని ప్రతిష్ఠ.

సర్కారు జీపు తరువాత సవారీ జీపు వచ్చినది. బస్సు అందని పల్లెలకు, సంతలకు, పెండ్లిండ్లకు, ఆసుపత్రులకు అది దిక్కైనది. దానికి చాలవరకు వెనుక చక్రాల శక్తియే, డీజిలు ఇంజను, పదిమంది చోట ఇరువదిమంది. ఆ బండి ప్రాణాలు నిలిపినది, అధిక భారంతో ప్రాణాలు తీసినది కూడ. నేడు ఆ స్థానాన్ని ఆటోలు, బొలెరోలు ఆక్రమించినవి. సుగ్గికి గుంటూరు సీమకు తరలిపోవు కూలీ కుటుంబాలను మూటలతో, పిల్లలతో, చదువు మానిన బాలికలతో మోయుచున్నవి కూడ ఇట్టి బండ్లే. బొలెరో మహీంద్రా వారిదే కనుక, అది పాత జీపు వంశమునందలి బిడ్డయే.

పేరుకై పోరు

2018లో మహీంద్రా వారు అమెరికాలో డెట్రాయిట్ సమీపాన ‘రాక్సర్’ అను పొలపు బండిని తయారుచేసి అమ్మసాగిరి. దాని ముఖం తమ జీపును పోలియున్నదని అప్పటి ఫియట్ క్రైస్లర్ వారు అంతర్జాతీయ వాణిజ్య కమిషను నాశ్రయించారు. 2020లో కమిషను ఆ బండి అమ్మకాలను నిలుపవలెనని ఆదేశించినది. మహీంద్రా వారు ముఖాన్ని మార్చి రూపొందించిన బండిపై ఆక్షేపణ లేదని తరువాత తేలినది. డెబ్బది ఏండ్ల క్రితం అనుమతితో నేర్చిన విద్యకు హద్దు ఎక్కడ అను ప్రశ్నను ఆ వివాదం లేవదీసినది. ఈ లోపల అసలు జీప్ సంస్థ వారును 2016లో మన దేశానికి స్వయంగా వచ్చి, 2017 నుండి పుణె సమీపంలోని రంజన్‌గావ్‌లో కంపాస్ అను కారును తయారుచేయుచున్నారు. 2020 డిసెంబరులో అదే సంస్థ హైదరాబాదులో 15 కోట్ల డాలర్ల పెట్టుబడితో సాంకేతిక కేంద్రాన్ని ప్రకటించినది.

ఇప్పుడు ఈ కథను మన ఊళ్లకు అన్వయించి చూతము. ఆదోని ప్రత్తి పేరుపొందినది. కాని ఇక్కడ గింజ తీసి, దిమ్మెకట్టిన దూది దూరపు మిల్లులకు పోయి బట్టయై, అంగడిలో ఆ మిల్లు పేరుతోనే అమ్ముడగును. పండించిన రైతు, జిన్నింగు కూలీ బాంటమ్ కార్ఖానా వంటివారు. దీనికి భిన్నమైన మార్గం కూడ ఉన్నదని చూపినది ఎమ్మిగనూరే. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేత సహకార సంఘాన్ని స్థాపించి, నేసినవారే సభ్యులై తమ సరకును తామే అమ్ముకొను ఏర్పాటు చేశారు. 1954లో వారికి పద్మశ్రీ లభించినది. సహకారమనగా కేవలం అప్పు, నూలు కాదు; చేసిన పనికి స్వంత పేరు నిలుపుకొను సాధనం.

మన సీమకు కూడ ఇతరులు పెట్టిన పేరొకటి కలదు. చలనచిత్రాలలో వరుసగా దూసుకువచ్చు జీపులు, సుమోలు, బాంబులు చూచి, రాయలసీమ అనగా అదే అనుకొనువారు రాష్ట్రమంతట ఉన్నారు. ఈ నేలపై తిరిగిన జీపులలో ప్రసవించు తల్లులను ఆసుపత్రికి చేర్చినవెన్ని, విత్తనాలు మోసినవెన్ని, పరీక్షలకు పిల్లలను చేర్చినవెన్ని! వాటిని ఎవరును తెరపై చూపలేదు. మనము వ్రాయనిదే అవి చరిత్రలో చేరవు.

కావున విద్యార్థులకు మేము సూచించునది ఒక్కటి. మీ గ్రామంలో పాత జీపు నడిపినవారు, మరమ్మతు చేసిన మిస్త్రీలు, సమితి కార్యాలయంలో పనిచేసినవారు ఇంకను ఉన్నారు. సెలవులలో వారిని కలిసి, తెలుగులో గాని ఉర్దూలో గాని వారి మాటలను వ్రాసికొనండి. కళాశాల కమిటీ వారు అట్టి వ్రాతలకు గ్రంథాలయంలో ఒక బీరువా కేటాయింతురని ఆశించుచున్నాము. పని చేసినవారొకరు, పేరు మోసినవారొకరు అగుట లోకంలో పరిపాటి. ఆ పరిపాటిని కొంతయైనను సరిదిద్దుటకు చదువుకొన్నవారి చేతిలోనున్న పనిముట్టు కలమే.